మిషన్ల మధ్య మునుం

కొత్త మేనేజరు వచ్చిన మొదటి వారంలోనే ఆయనకు నేను దిష్టిబొమ్మ అని పేరు పెట్టాను. పేర్లు పెట్టడంలో నాకు మా ఊళ్ళో కాస్త పేరుంది. పొద్దున మేం ఆటో దిగేసరికి షెడ్డులో నిలబడి ఉండేవాడు. సాయంత్రం మళ్ళీ ఆటో ఎక్కేదాకా నిలబడే ఉండేవాడు. అరవడు, తిట్టడు, చేతిలో కాగితం కూడా ఉండదు. అంతకు ముందున్నాయన అరుపు గేటు బయట టీ అంగడిదాకా వినపడేది. ఆ అరుపులకు అలవాటు పడిన చెవులకు ఈయన మౌనం మా కొంప ముంచడానికి వేసిన ఎత్తులాగే అనిపించింది.

మాది జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డు. కంబదూరు నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో, చుట్టూ ఎర్రమట్టి చేలు, దూరంగా గుట్టల మీద గాలిమరలు. ఓనరు బెంగళూరులో ఉంటాడు. కుట్టేవాళ్ళం అందరం చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళమే. వాన ముఖం చాటేసి, వేరుశనగ ఊడలు దిగిన చోటే ఎండిపోయే ఏడాదులు వరసగా వచ్చాయి. చేలో కలుపే మొలవకపోతే తీసేదేముంది? ఆ చేతులన్నీ వచ్చి ఈ మిషన్ల మీద పడ్డాయి. నేను పదో తరగతి దాకా చదివి కూడా కలుపుకు పోయినదాన్నే, కాబట్టి నాకు ఎక్కువ తక్కువలేం లేవు.

షెడ్డులో ఎవరూ ప్యాంటు మొత్తం కుట్టరు. ఒకరు జేబు మడుస్తారు, ఒకరు కాళ్ళు కలుపుతారు, ఒకరు నడుం పట్టీ వేస్తారు. గుడ్డ ముక్కలు కట్టలుగా వస్తాయి, ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు పోతూ పోతూ చివరికి ప్యాంటవుతాయి. వెనక జేబులు అతికించే పని మా ముగ్గురిది. మధ్యలో నేను. నాకు కుడిపక్క ప్రార్థనలామె, నోరు తెరిస్తే దేవుడి మాట తప్ప రానామె. ఎడమపక్క ఆపా. ఉర్దూలో అక్క అని, ఊరంతా ఆమెను అట్లాగే పిలుస్తుంది.

ఆపా ముదిగుబ్బ వైపు పిల్ల, మా ఊరికి కోడలుగా వచ్చింది. షెడ్డు రాకముందు ఊళ్ళో ఆడవాళ్ళందరి రవికెలూ ఆమె కుట్టినవే. భర్త పోయాక ఆ కుట్టుపనితోనే కూతుర్ని పెంచింది. నాకు మిషను నేర్పింది ఆమే. నేను పెడలు మీద కాలు పెడితే గుడ్డ ముందుకు ఉరికేది, నేను వెనక్కి గుంజేదాన్ని, సూది విరిగేది. "గుంజకు మ్మే. అదే వస్తాది. నువ్వు దారి చూపించు, సాలు," అనేది. నా చేతుల మీద తన చేతులు పెట్టి, గుడ్డను మెల్లగా పోనిచ్చేది. ఎన్ని సూదులు విరగ్గొట్టినా ఒక్కసారి విసుక్కోలేదు. మా అమ్మ దగ్గర కూడా నేను ఇంత ఓపిక చూడలేదు, ఆ మాట అమ్మతో అనే ధైర్యం మాత్రం లేదు.

ఆ ఏడు కీళ్ళ జ్వరం ఊళ్ళను చుట్టబెట్టింది. అందరికీ వచ్చింది, అందరికీ పోయింది. ఆపాకు మాత్రం జ్వరం పోయినా నొప్పులు పోలేదు. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి. పొద్దున పిడికిలి బిగించలేకపోయేది, మధ్యాహ్నానికి కాస్త వదులైతే సాయంత్రానికి మళ్ళీ బిగుసుకునేవి. జేబు అంచు మడిచి పట్టుకోవాలంటే వేళ్ళే కదా కావలసింది. ఆమె దగ్గర కట్టలు పేరుకుపోవడం మొదలైంది. "ఊరు పొమ్మంటాది, కాడు రమ్మంటాది, నేనేమో జేబులు కుడతాండా," అని నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. కూతురు కళ్యాణదుర్గంలో నర్సు చదువుకు అప్పుడే చేరింది. ఈ పని పోతే ఆపాకు ఇంకో పని లేదు. ఊళ్ళో రవికెలు ఇప్పుడు ఎవరూ కుట్టించుకోవడం లేదు, సంతలో కొనుక్కుంటున్నారు.

పాత మేనేజరు కాలంలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి దగ్గర పని ఆగిపోతే వాళ్ళ మిషనుకు సూపర్‌వైజరు ఎర్రగుడ్డ కట్టిపోయేవాడు. సాయంత్రం దాకా దాన్ని విప్పకూడదు. అన్నానికి లేచినప్పుడు షెడ్డంతా అటే చూసేది. ఈ కొత్తాయన వచ్చాక కూడా అలవాటు కొద్దీ సూపర్‌వైజరు ఆపా మిషనుకు గుడ్డ కట్టాడు. దిష్టిబొమ్మ మెల్లగా నడిచొచ్చి, ముడి విప్పి, బయటికి పోయి ఆ గుడ్డతో తన స్కూటరు సీటు మీద దుమ్ము తుడుచుకున్నాడు. తర్వాత దాన్ని డిక్కీలో వేసుకున్నాడు. మళ్ళీ ఇవ్వలేదు, సూపర్‌వైజరు అడగలేదు. నేను పెట్టిన పేరు మీద నాకు ఆ రోజే కొంచెం అనుమానం వచ్చింది.

అయినా మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అంటారు. ఈయనను ఓనరు ఎన్నాళ్ళు ఉంచుతాడో, ఈయన పోయాక ఆపా గతేమిటో అని మేం మా పద్ధతిలో ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఏర్పాటంటే కూర్చుని మాట్లాడుకున్నది కాదు. అది మాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన పని.

కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళం చేనుకు అడ్డంగా వరుసగా కూర్చుంటాం. దాన్నే మునుం అంటాం. ఎవరి సాళ్ళు వాళ్ళవి, కానీ వరుస ఒకటిగా ముందుకు జరగాలి. అందులో నెలలు నిండినామె ఉంటుంది, నడుం పట్టేసిన ముసలామె ఉంటుంది. ఆమె వెనకబడితే ఆమెను వదిలేసి ఎవరూ ముందుకు పోరు. ఇటుపక్కామె ఒక సాలు, అటుపక్కామె ఒక సాలు తమ వైపు కలుపుకుంటారు. ఆమె సాళ్ళు తగ్గుతాయి, వరుస తెగదు. కలిపినవాళ్ళు చెప్పరు, వెనకబడినామె అడగదు. గట్టు చేరేసరికి అందరూ ఒకేసారి నడుం ఎత్తి నీళ్ళు తాగుతారు. చేను ఆసామి గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంటాడు, ఆయనకు తెలియదు.

మేం షెడ్డులోనూ అదే చేశాం. ఆపా కట్టలోంచి నేను కొన్ని ముక్కలు లాగి నా కట్టలో కలుపుకునేదాన్ని. ఆపా అటు తిరిగినప్పుడు ప్రార్థనలామె నా వెనకనుంచి చెయ్యి చాపి ఇంకొన్ని లాక్కునేది. కుట్టేసి మళ్ళీ ఆపా బల్ల మీద పడేసేవాళ్ళం. ఆపాకు తెలుసు. తెలిసినట్టు మాత్రం కనపడేది కాదు. సాయంత్రానికి ముగ్గురి దగ్గరా కట్టలు ఒకేసారి అయిపోయేవి. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఒక రోజు ఉతకడానికి పోయిన ప్యాంట్లు లారీలో వెనక్కి వచ్చేశాయి. మేనేజరు వాటిని పొడుగు బల్ల మీద బోర్లా పరిపించి మా ముగ్గుర్నీ పిలిచాడు. ప్రతి ప్యాంటు వెనకా జేబు ఒక నీలం, చుట్టూ గుడ్డ ఒక నీలం. అతుకులేసిన ప్యాంట్లలాగా ఉన్నాయి. ఒక్కో తాను గుడ్డకు రంగులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఉతికితేగాని బయటపడదు. అందుకే ఒక తాను ముక్కలన్నీ ఒక కట్టలోనే ఉంచుతారు. ఆ సంగతి మాకు చెప్పలేదని కాదు, చెప్పారు. కానీ ఉతకకముందు అన్నీ ఒకే నల్లనీలం. చేలో గడ్డి ఎవరి సాల్లో పీకినా గడ్డే కదా అన్నట్టు మేం ఆ కట్టా ఈ కట్టా ఏకం చేసి పారేశాం.

ఆపా ఒక అడుగు ముందుకేసింది. "నా వల్లనే సార్. నా చేతులు సాగతా లేవు. నన్ను తీసేయండి, ఈ పిల్లల జోలికి పోవద్దండి."

"ఎవరు చేసినారని నేను అడగల్యా ఆపా," అన్నాడాయన. "ఎట్ల చేసినారో చూపించండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. దొంగతనం చేశామా ఏమన్నా? తలెత్తే చెప్పాను. "మునుం కలిపినాం సార్. మీకు తెలుసో లేదో."

ఆయన ఒక ప్యాంటు ఎత్తి, జేబు మీద వేలు పెట్టి చూశాడు. "మాది విడపనకల్లు పక్కన ఊరు," అన్నాడు. "మిరప చేలో మా అమ్మ ఎనకబడితే ఇద్దరు పెద్దమ్మలు కలుపుకుంటాండ్రి. నన్ను గట్టు మీద పండబెట్టి ఆయమ్మ మాటిమాటికీ లేసి వస్తాండె. అది లేకుంటే మా అమ్మను పనికే పిలిచేటోళ్ళు కాదు." అంతవరకూ ఆయన నోట అన్ని మాటలు ఒకేసారి వినలేదు మేం. ఇక తిడతాడేమో అనుకున్నాను. ఆయన మా ముగ్గుర్నీ ఆ బల్ల చుట్టూ స్టూళ్ళ మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

ఓనరు ఫోను ఆ మధ్యాహ్నమే వచ్చింది. మేనేజరు బయట రేకు నీడలో నిలబడి మాట్లాడాడు, కిటికీ పక్కనున్న మాకు ఆయన మాటలు వినపడ్డాయి. పాడైన ప్యాంట్లకు తనదే బాధ్యత అన్నాడు. ఎవరు చేరవేశారో, ఆపా మాట వచ్చింది. చేతకానివాళ్ళను పెట్టుకుని షెడ్డు నడపలేనని, ఈ ఆర్డరు పూర్తయ్యే రోజున తనే వచ్చి లైను వెనక నిలబడి చూస్తానని, ఆ రోజు ఆమె దగ్గర పని ఆగితే అదే ఆమెకు ఆఖరి రోజని ఓనరు అన్నాడట. మేనేజరు లోపలికి వచ్చి దాచకుండా ఆ మాట ఆపాకే చెప్పాడు. ఆపా సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉంది. "సరే సార్," అని మళ్ళీ ఎక్కించబోయింది. దారం సూది బెజ్జంలోకి పోలేదు. నేను తీసుకుని ఎక్కించాను.

మర్నాడు ఆయన లైనంతటినీ నిలబెట్టి ఒక మాట చెప్పాడు. "మునుం కలపండి, నేనొద్దనను. కానీ చేలో కలిపినట్ల కాదు. కట్ట ఇప్పినాక ఆ కట్ట ఆ మనిషిదే. ఇప్పకముందే, నాతో కాదని తెలిసినప్పుడే, చెయ్యెత్తండి. పక్కామె వచ్చి కట్టకు కట్ట తీస్కొని పోతాది. ఆయమ్మకు ఎక్కువైతే ఆ పక్కామెకు ఇస్తాది. ఎత్తినోళ్ళను ఎవరూ ఏమీ అనరు. అన్నోళ్ళు నాతో మాట్లాడల్ల."

వినడానికి బాగానే ఉంది. చెయ్యెత్తేదెవరు? మా బళ్ళో చెయ్యెత్తేది ఒంటికి పోవడానికే. అందరి ముందు నాకు చేతకావడం లేదని ఏ ఆడది చెప్పుకుంటుంది? అందులోనూ నిన్నమొన్నటిదాకా ఎర్రగుడ్డ వేలాడిన షెడ్డులో. రోజులు గడిచాయి, ఒక్క చెయ్యీ లేవలేదు. ముక్కలు లాక్కోవడానికి మాకిప్పుడు లేదు, అడగడానికి ఆపాకు నోరు రాదు. ఆమె బల్ల మీద కట్టలు మళ్ళీ పెరిగాయి. మంచి చేయబోయి మా మునుం కూడా పోగొట్టాడని ఆయన మీద మండిపడ్డాను, లోపల్లోపలే.

ప్రార్థనలామె ఏదో పెళ్ళికి పోయి ఒకపూట రాలేదు. ఆమె మిషను ముందు మేనేజరు వచ్చి కూర్చున్నాడు. వయసులో ఉన్నప్పుడు బళ్ళారి జీన్స్ షెడ్లలో కుట్టినవాడేనట. మొదట్లో బాగానే కుట్టాడు, నేనే నోరెళ్ళబెట్టాను. ఎండ ఎక్కేసరికి మెడ తిప్పడం, నడుం నిమురుకోవడం మొదలైంది. జేబులు వంకర పోయాయి, కట్టలు ఆగాయి. వెనకనుంచి పిల్లలు కిసకిసలాడుతున్నారు. అప్పుడాయన కుడిచెయ్యి పైకెత్తాడు. ఎత్తి, అందరికీ వినపడేలాగే అన్నాడు. "నాతో కాల్యా. ఒక కట్ట ఎవరన్నా తీస్కోండమ్మా."

ముందు లేచింది ఎవరనుకుంటున్నారు? ఆపా. నన్ను దాటి పోయి, ఉబ్బిన వేళ్ళతో ఆయన కట్ట రెండు చేతులా ఎత్తుకుని తన బల్ల మీద పెట్టుకుంది. అది పెట్టుకునే చోటు కూడా లేదు ఆ బల్ల మీద.

నాకు ఒళ్ళు మండింది. "నీ కట్టలే కొండలాగుండాయి. తీస్కోడానికి లేసినావు, ఇయ్యడానికేం నొప్పి నీకు?" అన్నాను.

"తీస్కోవడం వేరే మ్మే," అంది ఆపా, తల ఎత్తకుండా. "చెయ్యి చాపడం వేరే."

భర్త పోయిన నాటినుంచి ఆమె ఎవరింటి ముందూ చెయ్యి చాపలేదని ఊరందరికీ తెలుసు.

ఆ రోజు తర్వాత మాత్రం చేతులు లేవడం మొదలైంది. ముందు నడుం పట్టీల దగ్గర ఒక చిన్నపిల్ల ఎత్తింది. తర్వాత నేనే ఎత్తాను, తలనొప్పిగా ఉండి. ఎత్తాక భూమి ఏమీ బద్దలు కాలేదు. పక్కామె వచ్చి కట్ట తీసుకుని పోయింది, అంతే. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు ఆ లైనుకు నేనే సూపర్‌వైజర్ని. కొత్తగా వచ్చే పిల్లలకు మిషను కంటే ముందు చెయ్యెత్తడం నేర్పుతాను. "అడగందే అమ్మైనా పెట్టదు" అని మొదలుపెట్టి గంటసేపు బుర్ర తింటానని నా వెనక నాకూ ఏదో పేరు పెట్టారట. పెట్టుకోనీ. మేనేజరు అంటే అరవాలి అనుకున్న నా బుర్రను కదిలించడానికి ఆయన ఏ పాఠమూ చెప్పలేదు. మా ముందు ఓడిపోయి కూర్చున్నాడు, అది చాలింది. అయితే అప్పట్లో అందరి చేతులూ లేచాయి కానీ ఆపా చెయ్యి లేవలేదు.

ఆర్డరు పూర్తయ్యే రోజు ఓనరు కారు వచ్చింది. తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు, చూడడానికి మర్యాదస్థుడే. చెప్పినట్టే మా లైను వెనకకు వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా ఆపా వెనక. ఆమె చేతులు ఆ పొద్దు మరీ బిగుసుకుపోయి ఉన్నాయి. ఆటోలోనే చూశాను, టిఫిను గిన్నె మూత నేనే తీసి ఉగ్గాని తినిపించాను. ఒక కట్ట అయ్యేలోపు ఇంకో రెండు వచ్చి పడ్డాయి. నేను నా కట్ట ముగించి ఖాళీగా కూర్చున్నాను, ప్రార్థనలామె కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. నా చెయ్యి దానంతట అదే ఆపా బల్ల వైపు పోబోయింది. లైను చివర నిలబడిన మేనేజరు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ క్షణంలో ఆయన్ని కొట్టేదాన్నే.

ఆపా మిషను ఆపింది. ముందున్న కట్ట మీద చెయ్యి పెట్టింది. వెనకనున్న మనిషి ఊపిరి ఆమెకు తెలుస్తూనే ఉండి ఉంటుంది. చెయ్యెత్తితే నాతో కాదని ఆ మనిషి ఎదుటే ఒప్పుకున్నట్టు. ఎత్తకపోతే లైను ఆగుతుంది.

చెయ్యి లేచింది. భుజం దాకా మెల్లగా, ఆ పైన తిన్నగా. వేళ్ళు పూర్తిగా విచ్చుకోలేదు.

"ఒక కట్ట తీస్కోండమ్మే. నాతో కాల్యా," అంది.

నేను లేచాను. ప్రార్థనలామె కూడా లేచింది. కట్టకు కట్ట ఒకటి నేను, ఒకటి ఆమె తెచ్చుకున్నాం. నా కళ్ళల్లో నీళ్ళు నిండి సూది కనపడలేదు, అలవాటు మీదే కుట్టాను. ఓనరు మేనేజరును దగ్గరకు పిలిచి ఏమిటిదని అడిగాడు.

"ఈ లైను ఇట్లనే నడుస్తాది సార్. చివరికి పోయి చూడండి, యాడన్నా ఆగిందేమో," అన్నాడు మేనేజరు.

ఓనరు చివరిదాకా నడిచాడు. ప్యాంట్లు ఒకదాని వెనక ఒకటి దిగుతూనే ఉన్నాయి. ఒకటి తిరగేసి జేబులు చూశాడు, రెండోది చూశాడు. తర్వాత ఇద్దరూ గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. చాలాసేపటికి కారు వెళ్ళిపోయింది. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. మేనేజరు బయటికి వచ్చి లెక్క ప్రకారం ఆర్డరు పెట్టెలు సర్దించడంలో పడిపోయాడు. అడిగే ధైర్యం నాక్కూడా చాలలేదు.

సాయంత్రం అందరూ ఆటోల వైపు పోతుంటే ఆపా మాత్రం ఆగింది. తన మిషను మీద గుడ్డపీలికతో దుమ్ము తుడిచింది. కత్తెర, సూదుల డబ్బా సర్ది సొరుగులో పెట్టి, ఏమనుకుందో, మళ్ళీ తీసి సంచిలో వేసుకుంది. షట్టరు దించడానికి వచ్చిన మేనేజరు దగ్గరికి పోయి నిలబడింది. నేను ఆమె వెనకాలే ఉన్నాను.

"సార్, రేపు నేను రావల్లనా?" అంది.

ఆయన షట్టరు కొక్కెం చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగాడు. "ఏం ఆపా, రేపేమన్నా పని పడిందా?" అన్నాడు, కొంచెం విసుగ్గానే. "సెలవు కావల్లంటే మధ్యాహ్నమే చెప్పల్ల కదా. ఇప్పుడు నీ మిషను మీద ఎవరిని కూర్చోబెట్టేది నేను?"

ఆపా లోపలికి పోయి, సంచిలోంచి కత్తెరా సూదుల డబ్బా తీసి మళ్ళీ సొరుగులో పెట్టి వచ్చింది.

"పనేం ల్యా సార్. వస్తా," అంది.

ఆటోలో నా పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరు వచ్చేదాకా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. గట్టిగా పట్టుకోవాలని ఉండింది కానీ నొప్పి పుడుతుందని, ఊరికే దాని కింద నా అరచెయ్యి పెట్టి ఉంచాను.